మెషీన్ ఖరాబైతే ఎవరిని అడగాలి? ఆసుపత్రి ఇంజినీర్ల సంగతి

హుస్నాబాద్: 'మెషీన్ ఖరాబైంది, పెద్దాసుపత్రికి పోండి.' చిన్న ఊళ్ల పేషెంట్లకు ఇది కొత్త మాటేం కాదు. ఇక్కడివాళ్లు సిద్దిపేటకో, కరీంనగర్‌కో పోవాలంటే ఆ రోజు కూలి పోయినట్టే. కోపం డాక్టర్ మీదికి పోతుంది గానీ, మెషీన్ బాగుచేసేది డాక్టర్ కాదు, బయోమెడికల్ ఇంజినీర్.

ఈ తిప్పలు మన ఒక్కరివే కాదు. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో 16 దేశాల్లోని 1,12,040 పరికరాల లెక్క చూస్తే 38 శాతం పైగా మూలన పడి ఉన్నాయి. కారణాలు: శిక్షణ లేకపోవడం, నిర్వహణ లోపం, కరెంటు వంటి సదుపాయాల కొరత.

ఆసుపత్రి ఇంజినీర్ల అంతర్జాతీయ సమాఖ్య 1970లోనే రోమ్‌లో పుట్టింది. అయితే సామాన్యుడికి దగ్గరగా ఉన్న పని 2020లో, కోవిడ్ టైంలో జరిగింది. వెంటిలేటర్ ఎర్రర్ కోడ్ చూపిస్తే దాని అర్థం కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లోనే ఉంటుంది. మాన్యువల్ లేకపోతే కంపెనీ మనిషి వచ్చేదాకా ఆగాల్సిందే. అప్పుడు ఐఫిక్సిట్ సంస్థ లైబ్రేరియన్లు, ఆసుపత్రి టెక్నీషియన్ల సాయంతో 13 వేల పైగా మాన్యువల్స్ ఆన్‌లైన్‌లో ఫ్రీగా పెట్టింది. ఏ దేశం ఇంజినీరైనా తీసుకోవచ్చు.

మన దేశంలో 2015లో కేంద్రం మొదలుపెట్టిన పరికరాల నిర్వహణ పథకం ప్రకారం జిల్లా ఆసుపత్రిలో 95 శాతం, సీహెచ్‌సీలో 90, పీహెచ్‌సీలో 80 శాతం సమయం మెషీన్లు నడవాలి. కాబట్టి ఈసారి 'ఖరాబైంది' అంటే వాపస్ వచ్చే ముందు ఒక్క మాట అడగండి: కంప్లైంట్ ఏ తారీఖున పెట్టారు?