వాతావరణ కేంద్రాల ఉక్కు స్తంభం: పునాది పటిష్ఠతే సమాచార విశ్వసనీయత

2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాలో కురిసిన కుంభవృష్టి కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలను ముంచెత్తింది. రాజంపేట మండలం అర్గొండలో వర్షపాతం 40 సెం.మీ. దాటింది. ఇటువంటి విపత్తును గంటగంటకూ నమోదు చేసేవి స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు. పంటనష్టం అంచనాకు, బీమాకు, రైతు సలహాలకు ఆ అంకెలే ఆధారం. పరికరాలను మోసే స్తంభం ఒరిగిన నాడు అవసరమైన వేళకే సమాచారం కొరవడుతుంది.

ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణం ప్రకారం గాలివేగాన్ని 10 మీటర్ల ఎత్తున కొలవాలి. అంత ఎత్తు స్తంభానికి ప్రధాన శత్రువు స్వీయభారం కాదు, గాలి. గాలివేగం రెట్టింపయితే దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. ఆ ఒత్తిడి స్తంభాన్ని పడదోయ చూస్తుంది. గాలివైపు బోల్టులు పైకి లాగబడతాయి. కనుక పునాదికి తగిన బరువు, వెడల్పు, లోతు ఉండవలెను.

ఈ జిల్లాలో ఎర్ర చల్క నేలలతో పాటు నల్లరేగడి నేలలూ ఉన్నాయి. రేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. అట్టి నేలలో పునాది అడుగు ఈ కదలిక పొరను దాటి గట్టి నేలపై నిలవాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించిన, అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్‌రీమ్డ్ పైల్స్ ఇందుకు అనువైనవి.

యాంకర్ బోల్టులను టెంప్లేట్ పలకతో బిగించి, కడ్డీల గూడుకు కట్టి, రసమట్టంతో సరిచూచిన పిమ్మటనే కాంక్రీటు పోయవలెను. తరువాత రంధ్రం తొలిచి బోల్టు దిగగొట్టుట కంటె ఇది నమ్మదగినది. సాధారణ సిమెంటయితే కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంటయితే 10 రోజులు నీటితో తడపవలెను. నిర్దేశిత బలాన్ని 28వ రోజున లెక్కిస్తారు. తొందరపడి స్తంభం నిలపరాదు.

బేస్ ప్లేటు కింది నట్లతో స్తంభాన్ని నిటారుగా సరిచేసి, ఆ ఖాళీని కుంచించుకుపోని గ్రౌట్‌తో నింపాలి. పైన జంట నట్లు బిగించాలి. పునాది తల నేలమట్టానికి పైన ఉండి, నీరు జారేలా వాలుగా ఉంటే బోల్టులకు తుప్పు తగ్గుతుంది.

ఏటా తొలకరికి ముందు నట్ల బిగువు, తుప్పు, పగుళ్లు, స్తంభపు నిటారుతనం పరిశీలించుట విస్తరణ సిబ్బంది పనిలో భాగం కావలెను. మట్టిలో దాగిన పునాదిపైనే రైతుకు చేరే అంకె నిలిచి ఉంటుంది.