శిక్షకుని కుమారునికి విద్యార్థి వేతనము

‘కాకిపిల్ల కాకికి ముద్దు’ అని మన పెద్దలన్నారు. ‘పెరటిచెట్టు మందునకు పనికిరాదు’ అనియు వారే అన్నారు. మొదటి సామెత తనవారియందు మనుష్యునకు గల పక్షపాతమును తెలుపును. రెండవది తనవారియందే అతనికి కలుగు చులకన భావమును తెలుపును. ఈ రెండు సామెతల నడుమ చిక్కుకొన్న ఒక ప్రశ్నను నేడు శ్రోతల ముందుంచదలచితిమి. అమెరికాలో ఒక కళాశాల ఫుట్‌బాల్ జట్టునకు ప్రధాన శిక్షకుడుగా నున్నవాని కుమారుడు ఆ జట్టులోనే చేరినచో, అతనికి విద్యార్థి వేతనము ఒసగుట న్యాయమేనా?

అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలుచునది మన మైదానములలో కాలితో ఆడు ఆట కాదు. కోలగానుండు బంతిని చేతబట్టి, ఎదుటి జట్టులోని పదకొండుమందిని తప్పించుకొనుచు, అవసరమైనచో త్రోసికొనుచు ముందునకు సాగవలెను. ఈ ఆటలో నేర్పరియైన బాలునికి విశ్వవిద్యాలయము వేతనమొసగి చేర్చుకొనును. పూర్తి వేతనము లభించినవానికి చదువు రుసుము, వసతి, భోజనము, పుస్తకములు అన్నియు దానితోనే జరిగిపోవును. చదువునకు సంబంధించిన కనీసపు అర్హతలు ఉండవలసినదే. కాని ఈ వేతనము పేదరికమును చూచి ఇచ్చునది కాదు, మార్కులను చూచి ఇచ్చునదియు కాదు. ఆటను చూచి ఇచ్చునది. ఈ సంగతిని మరచుటచేతనే వాదములు పెక్కు దారి తప్పుచున్నవి. 2012లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము మిక్కిలి ధనవంతుడైన ఒక సంగీతకారుని కుమారునికి ఫుట్‌బాల్ వేతనము ఇచ్చినపుడు, ధనికునకు వేతనమేల యని పలువురు ఆక్షేపించిరి. క్రీడా వేతనమునకు ప్రతిభయే కొలబద్ద యని విశ్వవిద్యాలయము బదులు చెప్పినది.

అయినను శిక్షకుని కుమారుని విషయము ఇంకను సున్నితమైనది. ఇచ్చట ధనము ప్రశ్న కాదు. తీర్పరి ఎవరన్నదే ప్రశ్న. ఎవరికి వేతనమీయవలెనో నిర్ణయించుటలో ప్రధాన శిక్షకుని మాటయే చాలవరకు చెల్లును. తీర్పు చెప్పువాడు, తీర్పు కోరువాని తండ్రి ఒక్కడే అయినపుడు, ఆ తీర్పు న్యాయమైనదే అయినను లోకము సందేహించును.

వేతనములు లెక్కలేనన్ని ఉన్నచో ఈ చర్చయే పుట్టదు. 1990వ దశకపు తొలి సంవత్సరముల నుండి 2024 వరకు అగ్రశ్రేణి జట్టు ఒక్కొక్కటి 85 మందికి మించి వేతనమీయరాదని నియమము ఉండెను. ఒకనికి సగము వేతనమే ఇచ్చినను లెక్కలో అది ఒక పూర్తి స్థానమే. 2025లో న్యాయస్థానము ఆమోదించిన ఒడంబడికతో ఈ పరిమితి తొలగి, దానికి లోబడిన విశ్వవిద్యాలయములలో జట్టు మొత్తము 105 మందికి మించరాదను నియమము వచ్చినది. క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించుటయు మొదలైనది. అయినను ఒక్కొక్క విశ్వవిద్యాలయము 2025-26లో అట్లు పంచదగిన సొమ్మునకు సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లని హద్దు ఏర్పడినది. నియమములు మారినవి గాని కొరత తీరలేదు. ఒకనికి దక్కిన స్థానము మరియొకనికి దక్కదు.

ఆ మరియొకడు ఎవరు? వేతనము లేకయే జట్టులో చేరి, సొంత ఖర్చుతో చదువుకొనుచు, అందరితో సమానముగ సాధన చేయు ఆటగాండ్రు కలరు. వారిని అచ్చట ‘వాక్-ఆన్’లు అందురు. ఏనాటికైన శిక్షకుడు తమ పేరు పిలిచి వేతనము ప్రకటించునను ఆశతో రెండు మూడేండ్లు వేచియుండువారు వారిలో పెక్కురు. తండ్రి, కొడుకు అనుచు మనము వాదించుకొనునపుడు, ఈ మూడవవాడు మన కంటబడడు. న్యాయము కోరవలసినది ముందు ఇతని పక్షముననే.

అట్లని శిక్షకుని కుమారుడైనంత మాత్రమున ఒకనిని త్రోసిపుచ్చుట తగునా? డియాన్ శాండర్స్ కొలరాడో విశ్వవిద్యాలయమునకు శిక్షకుడుగ రాగా, ఆయన కుమారుడు షెడూర్ 2023 నుండి ఆ జట్టునకు క్వార్టర్‌బ్యాక్‌గా ఆడెను. 2022లో ఒక్క ఆట మాత్రమే గెలిచిన ఆ జట్టు 2024లో తొమ్మిది ఆటలు గెలిచినది. 2025లో క్లీవ్‌లాండ్‌లోని వృత్తి జట్టు అతనిని ఎన్నుకొనెను. అట్టివానికి స్థానమిచ్చుట తండ్రి ప్రేమ అనలేము. అయినను ఆ ఏడే విశ్వవిద్యాలయము అతని చొక్కా సంఖ్యను ఇక ఎవ్వరికిని ఈయరాదని గౌరవార్థము నిర్ణయించినపుడు, విమర్శ తప్పలేదు. తండ్రి నీడ ప్రతిభావంతుని కీర్తిపై సైతము పడును.

ఈ నీడను తొలగించు మార్గము లేకపోలేదు. అయోవా విశ్వవిద్యాలయమున కర్క్ ఫెరెంజ్ ప్రధాన శిక్షకుడుగ నుండగా, 2017లో ఆయన కుమారుడు బ్రయాన్ దాడి విభాగమునకు బాధ్యుడయ్యెను. బంధుప్రీతిని అరికట్టు నియమములను బట్టి, ఆ కుమారుని పనిని తండ్రి గాక క్రీడాశాఖాధిపతి పర్యవేక్షించెను. ఉద్యోగి విషయమున పాటించిన ఈ పద్ధతిని ఆటగాని విషయమున ఏల పాటింపరాదు? తండ్రి ప్రక్కకు తొలగి, ఇతర శిక్షకులు, శాఖాధికారి కలిసి నిర్ణయించినచో కుమారునికే మేలు.

ఇచ్చట మరియొక ఆటలోని ఉదాహరణ మాకు స్ఫురించుచున్నది. క్రైటన్ విశ్వవిద్యాలయమున ఆనాడు బాస్కెట్‌బాల్ శిక్షకుడుగ నుండిన గ్రెగ్ మెక్‌డెర్మట్ కుమారుడు డగ్, అప్పట్లో దేశములోని మేటి ఆటగాండ్రలో ఒకడు. 2013లో అతని సహచరుడు గ్రాంట్ గిబ్స్‌కు మరియొక యేడు ఆడుటకు అనుమతి లభించినది. కాని జట్టునకు అనుమతించిన 13 వేతనములును అప్పటికే నిండియుండెను. డగ్ తన వేతనమును వదలుకొని, వాక్-ఆన్‌గా ఆడెను. ఆ యేడే అతడు దేశమున ఉత్తమ క్రీడాకారుడని గౌరవములందెను. అతని అర్హతను ఎవ్వరును శంకించియుండలేదు. అర్హత వేరు, అవసరము వేరు అని అతడు గుర్తించెను.

అందరును అంత త్యాగము చేయవలెనని మేము అనము. మాకు తోచిన పరీక్ష ఇది: ఈ బాలుని తండ్రి వేరొక ఊరిలో వేరొక పని చేయుచున్నను, ఈ జట్టు అతనికి వేతనమిచ్చి యుండెడిదా? ఆ మాట తండ్రి గాక ఇతరులు చెప్పగలరా? వేతనము దక్కని వాక్-ఆన్ ఎదుట నిలిచి, కారణమును దాపరికము లేక వివరింపగలరా? ఈ మూడింటికిని ఔనని సమాధానము వచ్చినచో, ఆ వేతనము కుమారునికి న్యాయముగ చెందును. ఒక్కదానికి కాదని వచ్చినను, దానిని ఆ వేచియున్న బాలునికే ఈయవలెను.