ప్రత్యర్థులు సహచరులైన తీరు: ‘రాతి రథం’, ‘యక్ష పర్వతం’ ధారావాహికల కొనసాగింపు సూత్రం

కీలక పదాలు: చందమామ, దాసరి సుబ్రహ్మణ్యం, జానపద ధారావాహిక, కథాసరిత్సాగరం, ఉత్తరకథ

1. ఉపోద్ఘాతం
తెలుగు బాలసాహిత్య వచనానికి కృష్ణా డెల్టా చేసిన దోహదం గణనీయమైనది. 1947 జూలైలో మద్రాసు నుంచి వెలువడిన ‘చందమామ’ స్థాపకులలో ఒకరైన చక్రపాణి, దాని భాషను దశాబ్దాల పాటు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు ఇద్దరూ తెనాలి ప్రాంతీయులే. అదే ప్రాంతంలోని పెదగాదెలవర్రుకు చెందిన దాసరి సుబ్రహ్మణ్యం (1932-2010) ‘తోకచుక్క’ (1954) మొదలుకొని ‘భల్లూక మాంత్రికుడు’ వరకు ఆ పత్రికలో అనేక ధారావాహికలు రచించారు. వీటిలో ‘రాతి రథం’, దాని తరువాత వచ్చిన ‘యక్ష పర్వతం’ ఒకే నాయక ద్వయంతో నడిచాయి. ఒక కథ మరొక కథగా కొనసాగడానికి ఆధారమైన సూత్రమేమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పేర్ల వెనుక పాత కథ
ఈ రెండు కథల నాయకులు ఖడ్గవర్మ, జీవదత్తుడు. ఈ పేర్లు 11వ శతాబ్దంలో సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరంలోని ఒక బేతాళ కథను స్ఫురింపజేస్తాయి. అందులో అనంగరతి అనే రాకుమార్తెను కోరి నలుగురు వస్తారు. వారిలో ఖడ్గధరుడు క్షత్రియుడు. జీవదత్తుడు మృతులను బ్రతికించే విద్య తెలిసిన బ్రాహ్మణుడు. రాకుమార్తె ఎవరికి తగినదని బేతాళుడు ప్రశ్నించగా, వర్ణాన్ని ప్రమాణంగా తీసుకొని త్రివిక్రమసేనుడు ఖడ్గధరుని పక్షాన తీర్పు చెబుతాడు. తీర్పుతో కథ ముగుస్తుంది. ఒకరి గెలుపు మిగిలినవారి ఓటమి కనుక అక్కడ కొనసాగింపుకు తావు లేదు.

3. స్పర్ధ నుంచి సాహచర్యానికి
దాసరి ధారావాహికలలో కత్తి, మంత్రవిద్య పోటీ పడవు, ఒకదానికొకటి తోడవుతాయి. బేతాళ కథలో ప్రత్యర్థులను తలపించే పేర్లు గలవారు ఇక్కడ సహచరులు. ‘పాతాళభైరవి’ (1951) చిత్రంలో మాంత్రికుడు హతుడై, రాకుమార్తె తోటరాముని చేరడంతో కథాప్రయోజనం నెరవేరుతుంది. స్నేహం కేంద్రమైన కథకు అటువంటి అంతిమ బిందువు ఉండదు. ఒక ఆపద తీరినా ఆ జంట మరొక ప్రయాణానికి సిద్ధంగానే ఉంటుంది.

ఆంగ్లంలో 1997-2007 మధ్య వెలువడిన హ్యారీ పాటర్ నవలలతో పోలిస్తే ఈ భేదం స్పష్టమవుతుంది. అక్కడ ఏడు సంపుటాలను ప్రధానంగా కలిపి ఉంచేది వోల్డెమార్ట్ అనే ప్రతినాయకుని నీడ. ఇక్కడ రెండు ధారావాహికలను కలిపేది నాయకుల మైత్రి. మాసపత్రిక అవసరానికి కూడా ఇది అనుగుణమైనదే. నెల రోజుల ఎడంతో చదివే పిల్లలకు సంక్లిష్టమైన పూర్వకథ కంటే పరిచితమైన ఇద్దరు వ్యక్తులు త్వరగా గుర్తుకు వస్తారు.

4. ముగింపు
ఈ ధారావాహికలు రచయిత పేరు లేకుండానే వెలువడ్డాయి. తరాల పాఠకులకు ఖడ్గవర్మ, జీవదత్తులు తెలుసు. వారిని సృష్టించిన వ్యక్తి చాలాకాలం తెలియలేదు. కర్తృత్వం తెలియని రచనలో రచయిత పరిణామాన్ని గుర్తించడం అసాధ్యం కనుక, ఇవి ‘పత్రిక కథలు’గానే మిగిలిపోయాయి. పాత బేతాళ కథ అడిగిన ప్రశ్న ‘ఈ నలుగురిలో ఎవరు?’ అన్నది. దాసరి దానిని ‘ఇద్దరూ కలిస్తే ఏమవుతుంది?’ అని మార్చారు. ఈ మార్పును ఒక రచయిత చేసిన ఎంపికగా గుర్తించినప్పుడే, జానపద ధారావాహికలు తెలుగు నవలా చరిత్రలో చర్చనీయాంశాలు కాగలవు.