హైదరాబాదునుండి లండనునకు విమానయానము

మన గౌలిపుర యువకు లుపరివిద్యకై లండను నగరమునకు పయనమగునపుడు తల్లిదండ్రులు మొట్టమొదట నడుగు ప్రశ్నలు రెండు: “ఎంత దూరము? ఎన్ని గంటలలో చేరును?” దూరము తెలిసినంతమాత్రమున కాలము తెలియదు. గడియారమును నమ్మినచో కాలము విషయమున మోసపోవుదుము. కావున నీ సంగతి నించుక విచారింతము.

హైదరాబాదునకును లండనునకును నడుమ దూరము సుమారు 7,750 కిలోమీటర్లు. గోడపటముమీద కొలబద్ద నుంచి గీత గీచినచో నది ఇరాకు ప్రాంతముమీదుగా పోవును. కాని భూమి గుండ్రనిది. గోళముమీద నీ రెండు నగరముల నడుమ దారమును బిగించి చూడుడు. అది యుత్తరమునకు వంగి, కాస్పియన్ సముద్రము మీదుగా సాగును. అదియే మిక్కిలి దగ్గరి త్రోవ. అయినను, యుద్ధములచేతను, రాజ్యములు తమ యాకాశమార్గములను మూయుటచేతను విమానములు పలుమారు చుట్టు తిరిగి పోవలసివచ్చును.

విమానము గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోవును. ఈ లెక్కను ఎనిమిదిన్నర గంటలు చాలునని తోచును. కాని ఆకాశమున పదికిలోమీటర్ల యెత్తున పడమటినుండి తూర్పునకు బలమైన గాలులు వీచుచుండును. లండనునకు పోవునపుడు అవి యెదురుగాలులు. తిరిగి వచ్చునపుడు వెన్నుగాలులు. అందుచేత పోవుటకు సుమారు పది గంటలును, వచ్చుటకు సుమారు తొమ్మిది గంటలును పట్టును. ఏటికి ఎదురీదువానికిని, ప్రవాహముతో పోవువానికిని గల భేదమే యిది.

ఇక గడియారపు సంగతి. భూమి 24 గంటలలో 360 అంశములు తిరుగును. అనగా గంటకు 15 అంశములు. మన దేశకాలము 82½ అంశముల తూర్పురేఖ ననుసరించునది గనుక, శీతకాలమున లండను గడియారము మనకంటె 5½ గంటలు వెనుకబడి యుండును. వేసవిలో వారు గడియారమును ఒక గంట ముందునకు జరుపుదురు గనుక భేదము 4½ గంటలే. శీతకాలమున నొకడు ఉదయము 7 గంటలకు శంషాబాదునుండి బయలుదేరి, పది గంటలు ప్రయాణము చేసినచో, లండనులో 11½ గంటలకే దిగును. గడియారములు చూచినవాడు నాలుగున్నర గంటలే గడచినవనుకొనును! తిరుగు ప్రయాణమున మధ్యాహ్నము ఒంటిగంటకు అచట విమానమెక్కి తొమ్మిది గంటలు ప్రయాణించినవాడు ఇచట మరునాటి తెల్లవారుజామున 3½ గంటలకు దిగును. ఇందు పదునాలుగున్నర గంటలు కానవచ్చును.

పూర్వము బొంబాయినుండి ఓడలో ఇంగ్లండు చేరుటకు వారములు పట్టెడిది. 1948 జూన్ 8వ తేదీన ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ వారి “మలబార్ ప్రిన్సెస్” బొంబాయినుండి బయలుదేరి, కైరో, జెనీవాలలో ఆగి, 10వ తేదీకి లండను చేరెను. నాడు మన బేగంపేటనుండి దక్కన్ ఎయిర్‌వేస్ విమానములు స్వదేశ నగరములకు యెగురుచుండెడివి. 2008లో శంషాబాదు విమానాశ్రయము తెరవబడెను. నేడు అచటినుండి లండనునకు నేరుగా పోవు విమానములు కలవు.

విద్యార్థులారా! మీ యింట నెవరైన విదేశయానము చేయునపుడు టిక్కెట్టుమీది వేళలను మీరే లెక్కకట్టి పెద్దలకు తెలుపుడు. అచటి వేళను మొదట మన వేళగా మార్చి, పిమ్మట తీసివేతను చేయుడు. ఈ లెక్క తెలియని తల్లి, లండనులో 11½ గంటలని విని, మన 11½ గంటలకే కుమారుని పిలుపునకై యెదురుచూచి, సాయంకాలమువరకు కలతపడును. మీరు చేసిన చిన్న లెక్క ఆ కలతను తీర్పగలదు. భూగోళశాస్త్రమువలన గృహమునకు గలుగు మేలు ఇట్టిది.