మర్కజ్ వార్తలు మిగిల్చిన మచ్చ

ముస్లింలను మతాచరణ వైపు మళ్లించే ప్రచారోద్యమమైన తబ్లీగీ జమాత్ 2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్‌లోని తన కేంద్రమైన మర్కజ్‌లో జరిపిన సమావేశానికి వెళ్లివచ్చినవారిలో కరోనా బయటపడగానే, కొన్ని టీవీ చానళ్లు దాన్ని ప్రజారోగ్య సమస్యగా కాక ‘కరోనా జిహాద్’గా, అంటే మతం పేరిట పన్నిన కుట్రగా చిత్రించాయి. ప్రభుత్వ లెక్కల్లో సైతం జమాత్ కేసులను విడిగా చూపడంతో ఆ కథనానికి బలం చేకూరింది. వెతికి వెతికి పరీక్షలు చేసిన చోట కేసులు ఎక్కువగా తేలడం సహజమన్న వివరణకు మాత్రం తెరపై చోటు కరువైంది.

ఆ ప్రచారం నడుమ, తోపుడుబండిపై కూరగాయలమ్మే ముస్లింను పేరడిగి వెనక్కి పంపిన ఘటనలు పలుచోట్ల జరిగాయి. మరోవైపు, కోలుకున్న జమాత్ సభ్యులెందరో ఇతర రోగుల చికిత్స కోసం ప్లాస్మా దానం చేశారు. అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం, ఆ సమావేశానికి వచ్చిన కొందరు విదేశీ సభ్యులపై పెట్టిన పోలీసు కేసులను కొట్టివేస్తూ మీడియా ప్రచారాన్ని గట్టిగా తప్పుపట్టింది. నిందను గంటల తరబడి ప్రసారం చేసినవారు ఈ తీర్పుకూ అంతే సమయం కేటాయించి ఉండాల్సింది.