పెట్టగానే పలికే పళ్లెం

మా నాన్నగారికి ఎనభై రెండేళ్లు. చేతులు వణుకుతాయి. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటారు గాని, మరొకరు తాగిస్తామంటే ఒప్పుకోరు. అలాంటి మనిషికి మా ఇంట్లోని పాత విండోస్ 98 కంప్యూటరు దగ్గర వచ్చిన చిక్కల్లా మౌసును టకటకా రెండుసార్లు నొక్కటం. ఒక నొక్కుకీ రెండో నొక్కుకీ మధ్య చెయ్యి కాస్తా జరిగిపోతుంది. ఒక్కసారి నొక్కే పనయితే చేసుకోగలరు. సి.డి.ని పళ్లెంలో పెట్టటమూ చేతనవును.

పెట్టగానే అదే మొదలవుతుంది గదా అంటారేమో. కొన్ని అవుతాయి. ఆ సదుపాయం 1995లో విండోస్ 95తో వచ్చింది. డిస్కులో ఆటోరన్ అనే చిన్న ఫైలుంటుంది. ఫలానా ప్రోగ్రాము తెరవమని పనివాడికి రాసిపెట్టిన చీటీలాంటిదన్నమాట. అంతకుముందు తయారైన డిస్కుల్లో ఈ చీటీ లేదు. ఇప్పుడు చేరుద్దామన్నా అచ్చయిన సి.డి.లో అక్షరం చేర్చలేము. నాన్నగారికి ప్రాణమైన చదరంగం డిస్కు సరిగ్గా ఆ కాలపుదే! ఆడాలనిపించినప్పుడల్లా "ఒరేయ్, ఒకసారి ఇటు రా" అనాలి. అనటం ఆయనకిష్టం లేదు. నెమ్మదిగా ఆ గదిలోకి వెళ్లటమే మానేశారు.

నేను ఛందస్సు చెప్పుకుని బతికేవాణ్ణి. అయినా ఒక పాత శిష్యుడు దయతలచి విజువల్ బేసిక్‌లో నాలుగు ముక్కలు నేర్పాడు. చీటీ డిస్కులో లేకపోతే ఇంట్లోనే ఉంచుకోవచ్చునని నాకు తోచింది. ప్రతి డిస్కుకూ విండోస్ ఒక సంఖ్య కడుతుంది. ఈ సంఖ్య వస్తే ఈ ప్రోగ్రాము తెరువు అని నోట్‌పాడ్‌లో జాబితా రాశాను. నా ప్రోగ్రాము అయిదు సెకండ్లకొకసారి పళ్లెంలోకి తొంగిచూసి, డిస్కు కనబడితే దాని సంఖ్యను జాబితాలో వెతుకుతుంది. సొంత చీటీ ఉన్న డిస్కుల జోలికి పోదు.

మొదటిరోజు చదరంగం తెరుచుకోనే లేదు. తన ఫైళ్లను అది ఇంకెక్కడో వెతుక్కుంటోంది. ముందు డిస్కులోకి అడుగుపెట్టి, ఆ తర్వాత పిలవాలని తెలియటానికి రెండు రాత్రులు పట్టింది. మూడోనాడు తెరుచుకుంది గాని మరో అవస్థ. అయిదు సెకండ్లకొక చదరంగం చొప్పున తెర నిండా తెరుచుకోసాగాయి!

"ఎంతమందితో ఆడమంటావురా నన్ను?" అన్నారు నాన్నగారు.

ఒకసారి తెరిచిన డిస్కును గుర్తుపెట్టుకోమనీ, పళ్లెం ఖాళీ అయితేనే మరిచిపొమ్మనీ రెండు వాక్యాలు చేర్చాను.

ఇలా దానంతటదే తెరుచుకోవటం మంచిది కాదని మావాడు భయపెట్టాడు. అబద్ధం కాదు. 2008లో బయలుదేరిన కాన్‌ఫికర్ అనే పురుగు పెన్‌డ్రైవుల్లోని ఈ చీటీలనే వాహనం చేసుకుని లోకమంతా తిరిగింది. ఆ మరుసటి ఏడు వచ్చిన విండోస్ 7లో పెన్‌డ్రైవులకు ఈ సౌకర్యం తీసేశారు. మా జాబితాలో ఉన్నవి తొమ్మిది డిస్కులు, ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్టూ లేదు. అంచేత ధైర్యం చేశాను.

నిన్న సాయంత్రం కాలేజీనుంచి వచ్చేసరికి ఆ గదిలో దీపం వెలుగుతోంది. నాన్నగారు ఏనుగును ముందుకు జరిపి ఆలోచిస్తున్నారు. వెనక నిలబడి, మంత్రి పోతుందేమో చూసుకోమన్నాను.

"నాకు తెలుసు. నువ్వు వెలుతురుకు అడ్డం లే" అన్నారు.