స్క్రూ తిప్పే ముందు

కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800 సిగ్నల్ దగ్గర వణికి ఆగిపోతుంటే, చాలామంది వెంటనే ఐడిల్ స్క్రూ బిగించేస్తారు. మన సీఎస్ఈ వాళ్ల భాషలో, బగ్ వెతక్కుండా ఎర్రర్ మెసేజ్ దాచేయడం అన్నమాట.

ఐడిలింగ్ అంటే యాక్సిలరేటర్ తొక్కకపోయినా ఇంజిన్ తిరుగుతూ ఉండటం. ఈ కారుకి నిమిషానికి సుమారు 900 చుట్లు, అంటే సెకనుకి 15. అంత నెమ్మదిగా తిరగాలన్నా గాలి, పెట్రోల్, స్పార్క్ మూడూ సరిగ్గా అందాలి. అందుకే ముందు ఇవి చూడండి: వాక్యూమ్ గొట్టం దగ్గర "స్స్" అని శబ్దం వస్తోందా? ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో నిండిందా? స్పార్క్ ప్లగ్ నల్లబడిందా? చోక్ పూర్తిగా లోపలికి వెళ్లిందా? మా తాతయ్య కారులో ఏళ్ల వేడికి గొట్టం పగిలింది. అది మార్చాక స్క్రూతో పనే పడలేదు.

అన్నీ బాగుంటేనే స్క్రూ. న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ వేడెక్కాక, ఏసీ, లైట్లు ఆపి పావు చుట్టు చొప్పున తిప్పాలి. బిగిస్తే వేగం పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. మిక్శ్చర్ స్క్రూ వేరే ఉంటుంది, అది గాలి-పెట్రోల్ పాళ్లకి. దాన్ని మెకానిక్‌కి వదిలేయండి.

ఇదంతా ఆరుబయటే చేయాలి. మూసిన షెడ్డులో ఇంజిన్ ఆన్‌లో ఉంచితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి వాసన ఉండదు, ప్రాణం మాత్రం తీస్తుంది.